మంచు కురిసిన క్యాసెట్

“అత్తా, లాన్స్ చివరికి విలన్ అయిపోతాడు, నీకు తెలుసా?”

మొన్న సంక్రాంతికి తెనాలిలో పెద్దమ్మ వాళ్ళింట్లో భోజనాలయ్యాక మా అన్నయ్య కొడుకు అడిగాడు. వాడికి పన్నెండేళ్ళు. ఫోన్లో ఏదో చదువుతూ, చదివింది ఎవరికైనా చెప్పేయాలన్న ఆత్రంతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“లాన్స్ ఎవర్రా?”

“అదే, కాంట్రాలో ఎర్ర ప్యాంటు వాడు! నీలం ప్యాంటు వాడు బిల్ రైజర్. ఎర్ర ప్యాంటు వాడు లాన్స్ బీన్. తర్వాత వచ్చిన గేమ్‌లో లాన్సే బిల్‌కి శత్రువు. అఫీషియల్. కానన్.”

నాకు మనసు చివుక్కుమంది. ఎందుకంటే ఆ ఎర్ర ప్యాంటు వాడు ముప్ఫై ఏళ్ళుగా నాకు వాళ్ళ నాన్నే. అప్పటికి వాడితో ఏమీ అనలేదు. కానీ ‘కానన్’ అన్న ఆ ఒక్క మాట నన్ను వదల్లేదు. ఆటలో ఒక బొమ్మ గురించి ఏది నిజం, ఏది కాదు అని తేల్చాల్సింది ఎవరు? ఆ ఆట తయారు చేసినవాళ్ళా, అమ్మినవాళ్ళా, పెట్టెలో పెట్టే పుస్తకం రాసినవాళ్ళా, ఆడినవాళ్ళా?

ఆ ఇంటి ముందుగదిలోనే తొంభైల నడుమ వేసవి సెలవుల్లో మేమిద్దరం కాంట్రా ఆడాం. అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. టీవీ వెనక వైరు తగిలించి, ఛానల్ తిప్పి, పసుపు రంగు క్యాసెట్ పెట్టాలి. బొమ్మ రాకపోతే తీసి, నోటితో ఊది, మళ్ళీ పెట్టాలి. దానికి అట్టపెట్టె లేదు, పుస్తకం లేదు. మీద అంటించిన కాగితం కూడా సగం ఊడిపోయింది. ఆ ఇద్దరూ ఎవరో, అడవిలో ఎందుకు పరిగెడుతున్నారో, ఎవరిని కాలుస్తున్నారో చెప్పే దిక్కు లేదు. అందుకని అన్నయ్యే చెప్పాడు.

అన్నయ్య చెప్పిన కథలో వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు. నీలం ప్యాంటు నేను, ఎర్ర ప్యాంటు తను. చుక్కచుక్కలుగా ఉన్న ఆ బొమ్మ అబ్బాయా అమ్మాయా అని నేనెప్పుడూ అడగలేదు. మా నాన్నని ఎవరో ఎత్తుకుపోయి కొండల అవతల కోటలో పెట్టారు. అడవి దాటాలి, జలపాతం ఎక్కాలి, మంచులో నడవాలి. చిట్టచివర ఎర్రగా కొట్టుకునే గుండె ఒకటి ఉంటుంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో దాచుకున్నట్టు ఈ రాక్షసుడు తన గుండెని కోట లోపల దాచుకున్నాడు. దాన్ని కాలిస్తే నాన్న బయటికి వస్తాడు. తీరా ఆట ముగిశాక నాన్న ఎక్కడా కనిపించడు. ఒక హెలికాప్టర్ మాత్రం ఎగిరిపోతుంది. “అందులో ఉన్నాడే, లోపల కూర్చున్నాడు” అనేవాడు అన్నయ్య. నేను నమ్మాను.

జలపాతం దశ గుర్తున్నవాళ్ళకి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. అక్కడ తెర పైకి జరుగుతుంది, కిందికి రాదు. ఇద్దరిలో ఒకరు తొందరపడి పైమెట్టుకి ఎగిరితే, కింద మిగిలినవాళ్ళు తెర అంచు దాటిపోయి చచ్చిపోతారు. తుపాకీ దెబ్బ అక్కర్లేదు, తోడుండేవాడి తొందర చాలు. నాకు ఆ మెట్ల మీద ఎగరడం సరిగ్గా వచ్చేది కాదు. ఎర్ర ప్యాంటు ప్రతి మెట్టు మీదా ఆగేది. పైనుంచి బండరాళ్ళు దొర్లుతున్నా, గుళ్ళు వస్తున్నా ఆగేది. అలా ఆగడం వల్ల అన్నయ్యకి ఎన్నో లైఫులు పోయాయి. ఒక్కసారైనా నన్ను వదిలి పైకి పోలేదు.

ఎదురింటి వాళ్ళకీ కాంట్రా క్యాసెట్ ఉండేది. అక్కడే గొడవ వచ్చింది. మా క్యాసెట్‌లో మంచు దశ అంటే నేల తెల్లగా ఉండేది, అంతే. వాళ్ళ క్యాసెట్‌లో మంచు పడేది. తెల్లటి చుక్కలు తెర నిండా రాలుతుంటే వాళ్ళ పిల్లాడు రొమ్ము విరుచుకుని కూర్చునేవాడు. మొదటి దశలో చెట్ల ఆకులు కదిలేవి. దశ దశకీ మధ్య ఏదో పటం కనిపించేది, పక్కన మాకు చదవరాని అక్షరాలు. “మాది ఒరిజినల్, మీది డూప్లికేట్” అన్నాడు వాడు. “మీదే ఎవరో మార్చేశారు” అన్నాను నేను. రెండు రోజులు మాటల్లేవు.

ఆ తగువు తీరడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. కాంట్రాని జపాన్ కంపెనీ కొనామీ 1987లో నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాల కోసం చేసింది. ఇళ్ళలో ఆడుకునే క్యాసెట్ రూపం 1988లో వచ్చింది. జపాన్‌లో అమ్మిన క్యాసెట్‌లో కొనామీ సొంతంగా చేసుకున్న ఒక చిప్ అదనంగా ఉంది. ఆకులు కదిలినా, మంచు కురిసినా దాని పుణ్యమే. మొదట్లో కథ చెప్పే బొమ్మలు, దశకీ దశకీ మధ్య పటం కూడా అందులోనే ఉన్నాయి. అమెరికా క్యాసెట్‌లో ఆ చిప్ లేదు, ఇవన్నీ పోయాయి. ఎదురింటి వాళ్ళది జపాన్ పాఠానికి నకలు, మాది అమెరికా పాఠానికి నకలు. ఆ రెండు పాఠాలూ కంపెనీ చేతుల మీదుగా వచ్చినవే. ఇద్దరిదీ ఒరిజినలే, ఇద్దరిదీ డూప్లికేటే.

మంచు ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. కథే వేరు. జపాన్ లెక్కలో ఇది 2633లో జరుగుతుంది, న్యూజిలాండ్ దగ్గర గలుగా అనే ద్వీపాల్లో. బిల్, లాన్స్ భవిష్యత్తు కాలపు సైనికులు. అమెరికా పెట్టెలో వచ్చిన పుస్తకం దాన్ని వర్తమానానికి లాక్కొచ్చి, దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవిలో పెట్టింది. వీరులకి మ్యాడ్ డాగ్, స్కార్పియన్ అని మారుపేర్లు. 1992లో మూడో కాంట్రా వచ్చినప్పుడు చిక్కు వచ్చి పడింది. ఆ కథ 2636లో జరుగుతుంది. జపాన్ లెక్కలో మూడేళ్ళ తర్వాత కాబట్టి అదే బిల్, అదే లాన్స్. అమెరికా లెక్కలో ఆరువందల ఏళ్ళు దాటిపోయాయి! అందుకని అక్కడ జింబో, సల్లీ అని ఇద్దరు వారసులని పుట్టించారు. తెర మీద కదిలేది అవే బొమ్మలు, వేసేది అవే గంతులు.

యూరప్‌లో అసలు మనుషులే లేరు. 1990లో అక్కడ ఇదే ఆట ప్రోబోటెక్టర్ అన్న పేరుతో వచ్చింది, బిల్, లాన్స్‌ల చోట రెండు మరబొమ్మలతో. మనుషులు మనుషులని కాల్చే ఆటల విషయంలో జర్మనీలో ఉన్న కట్టుదిట్టాలే దీనికి కారణమంటారు. అంటే నేను తెనాలిలో అన్నయ్య పక్కన ఆడుతున్న రోజుల్లోనే ఎక్కడో జర్మనీలో నా ఈడు పిల్ల ఒకతె అదే జలపాతాన్ని రెండు ఇనుప బొమ్మలతో ఎక్కుతూ ఉండాలి. ఆ అమ్మాయికి బిల్ అనేవాడు పుట్టనే లేదు.

ఏది ప్రమాణం మరి?

కానన్ అన్న మాట చర్చి నుంచి వచ్చింది. దాన్ని కథల్లోని పాత్రల వైపు తిప్పిన తొలివాళ్ళలో రోనాల్డ్ నాక్స్ ఒకరు. 1911లో షెర్లాక్ హోమ్స్ కథల మీద ఆయన చదివిన వ్యాసంతో మొదలై, నాలుగు నవలలూ యాభై ఆరు కథలూ కలిపి అరవై అన్న లెక్క హోమ్స్ అభిమానుల్లో స్థిరపడింది. కోనన్ డాయిల్ స్వయంగా 1896లో ఒక యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక కోసం రాసిన చిన్న హోమ్స్ ముచ్చట ఆ అరవైలో లేదు. రాసినవాడి చేతిరాతనే చదివేవాళ్ళు పక్కన పెట్టారన్నమాట.

ఇంగ్లిష్ వాళ్ళ మాట సరే, ఈ పని మనకు కొత్తా? సీతమ్మ చుట్టూ లక్ష్మణుడు గీసిన గీత వాల్మీకంలో లేదు. బలరాముడికి శశిరేఖ అనే కూతురుందని వ్యాసుడు రాయలేదు. రాయకపోతేనేం, 1957 నాటి మాయాబజార్ ఎన్నిసార్లు చూసినా అభిమన్యుడికి శశిరేఖే పెళ్ళాం. రామాయణం మూలంలో లేని ఇలాంటివాటికి మన పెద్దలు ‘అవాల్మీకం’ అని ఒక మాటే పెట్టుకున్నారు. ఆ మాటలో నాకు నచ్చేది ఏమిటంటే, అందులో తిట్టు లేదు. అబద్ధం అనదు, దొంగకథ అనదు. వాల్మీకి చెప్పింది కాదు అని మాత్రం అంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి, ఉండనిస్తుంది.

పుణెలో భండార్కర్ సంస్థ పండితులు భారతం ప్రతులు 1,259 ముందేసుకుని, పోల్చి, 1966 నాటికి పరిష్కృత పాఠం ముగించారు. వస్త్రాపహరణ వేళ ద్రౌపది కృష్ణుణ్ణి పిలిచే ప్రార్థన ఆ పాఠంలో పైన లేదు, అడుగున పాఠాంతరాల్లోకి వెళ్ళింది. దాన్ని చెరిపెయ్యలేదు, కింద అచ్చువేశారు. ఏ ప్రతిలో ఉందో, ఏ ప్రతిలో లేదో రాసి మరీ వేశారు. ఆటల పాత్రల విషయంలో కూడా ఇంత ఓపిక పట్టాలని నా కోరిక. మంచు పడే ప్రతి, పడని ప్రతి అని రాసి పెట్టుకుంటే చాలు, ఎదురింటి పిల్లాడితో రెండు రోజులు మాట్లాడకుండా ఉండాల్సిన పని ఉండదు.

అయితే ఆటకీ కావ్యానికీ ఒక తేడా ఉంది. ఆటలో పెట్టె వేరు, తెర వేరు. పెట్టెలో పుస్తకం ఒకరు రాస్తారు, తెర మీది ఆట ఇంకొకరు కడతారు, చాలాసార్లు వేరే దేశంలో. రెండూ ఎదురుపడి కాదంటే కాదనుకున్నప్పుడు నేను తెర పక్షాన నిలబడతాను. నాకు ఆ ధైర్యం ఇచ్చింది సామస్.

మెట్రాయిడ్ అనే ఆట 1986లో వచ్చింది. అందులో తల నుంచి కాలి దాకా కవచం తొడుక్కున్న సామస్ ఒంటరిగా ఒక గ్రహం అడుగున తిరుగుతూ పోరాడుతుంది. అమెరికా పుస్తకం సామస్‌ని మగవాడిగానే చెప్పింది. ఆ పుస్తకం నమ్మి గంటల తరబడి ఆడి, తొందరగా ముగించగలిగినవాళ్ళకి చివర కవచం తొలగి ఒక స్త్రీ కనిపించింది. పుస్తకం ‘అతడు’ అంది, తెర ‘ఆమె’ అంది. ఆ తర్వాత సామస్ మగవాడేనని ఎవరూ వాదించలేదు. ఇలాంటి గుట్టు తెలుగులో దాచాలంటే ఇంకా కష్టం. వచ్చాడు, వచ్చింది అని క్రియాపదమే బయట పెట్టేస్తుంది. ఈ పేరా మొదట్లో నేనూ దాచలేకపోయాను చూడండి. ఏమైనా, ఆ సంగతి చదివిన రోజు నీలం ప్యాంటు తొడుక్కున్న ఎనిమిదేళ్ళ పిల్లగా నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ప్రమాణాల్లో ప్రత్యక్షం ముందు, శబ్దం తర్వాత. తెర ప్రత్యక్షం, పుస్తకం శబ్దం. ఇంతవరకూ నాకు సందేహం లేదు.

సందేహం షెంగ్ లాంగ్ దగ్గర వచ్చింది. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో ర్యూ అనేవాడు గెలిచాక ఒక మాటంటాడు. నా డ్రాగన్ గుద్దుని దాటలేనంత కాలం నీకు గెలుపు లేదు అని జపనీస్‌లో దాని భావం. ఆ గుద్దు పేరులోని అక్షరాలని ఇంగ్లిష్ చేసినవాళ్ళు చైనా ఉచ్చారణలో చదివారు, షెంగ్ లాంగ్ అయింది. అది గుద్దు పేరో మనిషి పేరో చదివేవాడికి తెలిసే దారి లేదు. షెంగ్ లాంగ్‌ని ఓడిస్తేనే గానీ నీకు అవకాశం లేదు అన్న అర్థంలో ఇంగ్లిష్ వాక్యం అచ్చయింది. ఎవరీ షెంగ్ లాంగ్ అని పిల్లలంతా వెతికారు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒక ఆటల పత్రిక ఏప్రిల్ ఫూల్ కోసం, ఇలా ఇలా ఆడితే షెంగ్ లాంగ్ బయటికి వస్తాడు అని బొమ్మలతో సహా వేసింది. ఎంతమంది పిల్లలు నాణేలు పోసి, ఒక్క దెబ్బ తగలకుండా ఆడాలని చూశారో! ఇంటి క్యాసెట్ అమెరికా పుస్తకం కూడా ర్యూకి గురువు షెంగ్ లాంగ్ అని రాసేసింది.

ఆ పేరు గల మనిషి లేడు. కానీ గురువు ఉండాలన్న ఆకలి పుట్టింది. తర్వాత ర్యూ గురువుగా గౌకెన్ అనే వృద్ధుడు కథలోకి వచ్చాడు, ముందు కామిక్ పుస్తకంలో, తర్వాత ఆటల్లో. 2009లో ఇళ్ళకి వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 4లో ఆయనతో తలపడవచ్చు, ఆయనై ఆడవచ్చు కూడా. ఒక తప్పు తర్జుమా, ఒక ఏప్రిల్ ఫూల్, వేలమంది పిల్లల నమ్మకం, ఆ తర్వాత తెర మీద నిజమైన గురువు. షెంగ్ లాంగ్‌ని ప్రమాణం అనను. కానీ ర్యూ చరిత్ర రాసేవాళ్ళు ఆ పేరు చెప్పకుండా వదిలేస్తే అది సగం చరిత్రే.

ఇక తయారు చేసినవాళ్ళ మాట. 1988లో సూపర్ మారియో బ్రదర్స్ 3 వచ్చినప్పుడు అందులో ఏడుగురు కూపా పిల్లలు విలన్ బౌజర్ సంతానమని పుస్తకం చెప్పింది. ఒక తరం అలాగే అనుకుంటూ పెరిగింది. 2012లో మారియో సృష్టికర్త మియామోతో ఒక పత్రికతో మాట్లాడుతూ, వాళ్ళు బౌజర్ పిల్లలు కారనీ, బౌజర్‌కి ఉన్నది ఒక్కడే కొడుకు, బౌజర్ జూనియర్ అనీ చెప్పారు. ఆ చిన్నవాడు తెర మీదకి వచ్చిందే 2002లో. ఇరవై నాలుగేళ్ళు కన్నబిడ్డలుగా ఉన్న ఏడుగురు ఒక్క మాటతో పరాయివాళ్ళయ్యారు.

మియామోతో మీద నాకు గౌరవం ఉంది. ఆయనకి చెప్పే హక్కు ఉంది. కానీ తయారు చేసినవాళ్ళు ఆనాడు తమ మనసులో ఏముందో చెబితే అది సాక్ష్యం, ఈనాడు తాము ఏమనుకుంటున్నారో చెబితే అది నిర్ణయం. ఆయన కూడా ఇప్పటి మా కథ ఇది అన్న ధోరణిలోనే చెప్పారు, అది నిజాయితీ. ఇప్పటి కథ ఇప్పటి నుంచి మొదలవుతుంది. 1988లో ఆడిన పిల్ల చూసిన కుటుంబాన్ని 2012 నుంచి వెనక్కి వెళ్ళి విడదీయలేదు. తర్వాత వచ్చిన మాట కలపవచ్చు, పెంచవచ్చు, కొత్త దారి పట్టించవచ్చు. చెరపడం మాత్రం దాని పని కాదని నా అభిప్రాయం. ఇల్లు కట్టినవాడే అయినా, అద్దెకున్నవాళ్ళు గోడ మీద పెన్సిలుతో గీసుకున్న పిల్లల ఎత్తుల గీతలు అబద్ధమని అనలేడు కదా.

చెరపకుండా కలుపుకున్న ముచ్చట కాంట్రాలోనే ఉంది. 2007లో కాంట్రా 4 వచ్చింది. దాన్ని చేసింది వేఫార్వర్డ్ అనే అమెరికా సంస్థ. అందులో బిల్, లాన్స్‌లతో పాటు మ్యాడ్ డాగ్, స్కార్పియన్ అని మరో ఇద్దరు సైనికులు కనిపిస్తారు. అమెరికా పుస్తకం ఒకప్పుడు బిల్‌కీ లాన్స్‌కీ తగిలించిన మారుపేర్లే అవి. ఆ పేర్లు తప్పని కొట్టేయకుండా వాటికి ఒళ్ళూ ప్రాణమూ ఇచ్చి పక్కన నిలబెట్టారు. జింబో, సల్లీ కూడా దాగి ఉంటారు, యూరప్ మరబొమ్మ కూడా. ఎక్కడెక్కడి పిల్లలు ఏ పేరుతో పిలుచుకున్నారో ఆ పేర్లన్నీ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నట్టు ఉంటుంది. ఆ ఆట చేసినవాళ్ళు చిన్నప్పుడు కాంట్రా ఆడినవాళ్ళై ఉండాలి. ఉత్త లెక్కలు చూసుకునేవాళ్ళకి ఆ ప్రేమ రాదు.

మళ్ళీ లాన్స్ దగ్గరికి వస్తాను. మావాడు చెప్పింది అబద్ధం కాదు. 2002లో వచ్చిన కాంట్రా: షాటర్డ్ సోల్జర్‌లో మనుషుల్లో నూటికి ఎనభై మంది చచ్చిపోయిన ఘోరానికి బిల్‌ని దోషిని చేసి, పదివేల ఏళ్ళ శిక్ష వేసి మంచు నిద్రలో పెట్టేస్తారు. లాన్స్‌ని చంపిన నేరం కూడా అతని మీదే. తర్వాత ప్రపంచాన్ని కాపాడమని అతన్నే లేపుతారు. తీరా చూస్తే శత్రుసేన నాయకుడు లాన్సే, బతికే ఉన్నాడు. ఇది ఎవరో పత్రికలో అన్న మాట కాదు, పుస్తకంలో రాసింది కాదు. తెర మీదే ఉంది. తెరే ముందు అని ఇంతసేపూ చెప్పిన నేను దీన్ని కాదనడానికి లేదు. కాదనను కూడా. లాన్స్ బీన్ అనే పేరు గల ఆ సైనికుడు చివరికి స్నేహితుడికి ఎదురు తిరిగాడు.

అయితే మర్నాడు మేమిద్దరం ఒక పని చేశాం. కొనామీ 2019లో పాత కాంట్రాలు కొన్ని కలిపి ఒక సంకలనం వేసింది, అది వాడి దగ్గర ఉంది. అందులో అమెరికా పాఠం, జపాన్ పాఠం రెండూ పక్కపక్కన ఉన్నాయి. హక్కులున్న కంపెనీయే రెండు ప్రతులనీ ఒకే సంపుటిలో అచ్చు వేసినట్టయింది. ముందు జపాన్ పాఠం పెట్టాం. మంచు కురిసింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత చూశాను. చిన్న తెల్లటి చుక్కలు, అంతే, కానీ నా కళ్ళు తడి అయ్యాయి. తర్వాత మా పాఠం పెట్టి చివరిదాకా ఆడాం. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి అన్న ముప్ఫై లైఫుల మంత్రం నా వేళ్ళు మరిచిపోలేదు. అది ఏ పుస్తకంలోనూ చదవలేదు, అన్నయ్య నోట విన్నదే.

గుండె పేలింది. హెలికాప్టర్ లేచింది. దాని వెనక చుట్టూ సముద్రం, నడుమ ఒక ద్వీపం, ఆ ద్వీపం పేలిపోయింది.

“చూశావా” అన్నాను. “అమెరికా పుస్తకం ఇది అమెజాన్ అడవి అంది. తెర మీద ద్వీపం ఉంది.”

“అంటే గలుగానే కరెక్ట్!” అన్నాడు వాడు, కళ్ళు మెరుస్తుండగా.

ద్వీపం పేలాక తెర మీద నాలుగు మాటలు వచ్చాయి. రెడ్ ఫాల్కన్‌ని నాశనం చేసి విశ్వాన్ని కాపాడావని అభినందన, నిన్ను నువ్వు వీరుడిగా అనుకోవచ్చని మెప్పు. వాణ్ణి రెండోసారి చదవమన్నాను. బిల్ పేరుందా? లేదు. లాన్స్ పేరుందా? లేదు. శత్రువుకి పేరుంది, వీరుడికి లేదు. వీరుడున్న చోట ‘నువ్వు’ అని ఉంది.

నేను ఇన్నాళ్ళూ వెతికింది అదే. కథలో పాత్రని చదువుతాం, సినిమాలో చూస్తాం. ఆటలో పాత్ర కదలాలంటే మన వేళ్ళు కదలాలి. ఆ పాత్ర ధైర్యం, తొందర, ఆగడం, అన్నీ ఆడినవాళ్ళ నుంచి తెర మీదకి ఎక్కుతాయి. అందుకని ఆట పాత్రలకి కావ్యాల్లో లేని ప్రమాణం ఇంకొకటి ఉంది, ఆడిన అనుభవం. అది ఒక్క ఇంటికే చెల్లుతుంది, ఇంకొకరి మీద రుద్దడానికి పనికిరాదు. జర్మనీ పిల్లకి మరబొమ్మలే నిజం. మావాడికి బిల్, లాన్స్ నిజం. మా క్యాసెట్‌లో మాత్రం, తెర సాక్షిగా, ఎర్ర ప్యాంటుకి లాన్స్ అన్న పేరు లేదు. అక్కడున్నది ‘నువ్వు’. ఆ నువ్వు మా అన్నయ్య. జలపాతం ప్రతి మెట్టు మీదా నా కోసం ఆగినవాడు.

ఈ మాటలే మావాడికి చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే రెండూ రాసుకుంటాను అత్తా, లాన్స్ కథ వేరే, నాన్న కథ వేరే” అన్నాడు. పరిష్కర్తలు చెయ్యాల్సిన పని సరిగ్గా అదే.

మీ ఇంట్లో అటక మీద ఆ పసుపు క్యాసెట్లు ఇంకా ఉంటే పారెయ్యకండి. ఎవరి దగ్గరైనా పాత గేమ్ దొరికితే పెట్టి, మంచు పడుతుందో లేదో చూడండి. దాని మీద ఒక కాగితం అంటించి రాయండి, ఏ ఊళ్ళో, ఏ ఏడు, ఎవరితో ఆడారు, నీలం ప్యాంటుకి ఏం పేరు పెట్టుకున్నారు, ఎర్ర ప్యాంటుకి ఏం పేరు పెట్టుకున్నారు.